గీతకు అవతలి ఊరు

కడోదరా ముందు పట్నమైంది. అది పట్నమని ప్రభుత్వం ఒప్పుకున్నది చాలా తర్వాత. ఆ రెంటి మధ్య కాలంలో ఊరి మురుగు ఎవరిది? ఊళ్లో ఓటు ఎవరిది?

సూరత్ నుంచి బార్డోలీ వెళ్లే రోడ్డు ముంబయి–అహ్మదాబాద్ జాతీయ రహదారిని దాటే చోటును కడోదరా చార్ రస్తా అంటారు. పైన ఫ్లైఓవర్ మీద కంటైనర్లు పోతుంటాయి. కింద షేర్ ఆటోలు, గ్రే గుడ్డ తానులు కట్టలుగా వేసుకున్న టెంపోలు, షిఫ్టు దిగి గదులకు నడిచే కుర్రాళ్లు. చుట్టుపక్కల డైయింగ్, ప్రింటింగ్ మిల్లుల పొగగొట్టాలు. అక్కడ నిలబడి ‘ఇది పల్లెనా, పట్నమా?’ అని ఎవరినైనా అడిగితే నవ్విపోతారు. కాగితాల మీద మాత్రం ఆ ప్రశ్నకు జవాబు రావడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది.

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని ఈ ఊరికి చాలాకాలం గ్రామ పంచాయతీయే దిక్కు. ఒక సర్పంచ్, ఒక తలాటీ (గ్రామ రెవెన్యూ ఉద్యోగి), చిన్న ఆఫీసు. జనగణన శాఖ మాత్రం 2001 నాటికే దీన్ని ‘సెన్సస్ టౌన్’ అంది. ఆ శాఖ కొలత సులువైనది. అయిదు వేలకు తగ్గని జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, పనిచేసే మగవాళ్లలో ముప్పాతిక వంతు సేద్యం కాని పనుల్లో ఉండటం. ఈ మూడూ ఉంటే లెక్కల్లో అది పట్నమే. ఆ పట్నానికి పురపాలిక ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్ర ప్రభుత్వం ఇష్టం. అంటే ఢిల్లీ దృష్టిలో పట్నం, గాంధీనగర్ దృష్టిలో పల్లె. రెంటికీ చెడ్డ రేవడి బతుకు. దేశంలో ఇలాంటి ఊళ్లు 2001లో 1,362 ఉంటే, 2011 నాటికి 3,900కు కాస్త తక్కువగా తేలాయి. పదేళ్లలో దాదాపు మూడింతలు.

కడోదరా తర్వాత నగర్‌పాలికా అయింది. 2021 ఫిబ్రవరిలో గుజరాత్‌లో స్థానిక ఎన్నికలు జరిగినప్పుడు సూరత్ జిల్లాలో ఓటు వేసిన పురపాలికల్లో బార్డోలీ, మాండవి, తరసాడీలతో పాటు కడోదరా కూడా ఉంది. కథ అంతటితో తేలిపోయిందని అనుకోవడానికి లేదు. పురపాలిక అనే వ్యవస్థ ఈ దేశంలో ఎందుకు పుట్టింది, దాని గీత ఎవరి కోసం గీశారు, ఎవరు ఆ గీత దాటి పారిపోయారు అన్నది తెలిస్తేనే కడోదరా లాంటి ఊరు అర్థమవుతుంది. ఆ కథలో సూరత్ ఎంత ఉందో, మన చీరాల కూడా అంతే ఉంది.

గోడ, నాకా, పన్ను

సూరత్‌కు మొదటి గీత గోడ రూపంలో వచ్చింది. మొగలుల కాలంలో పశ్చిమ తీరాన అంత సంపన్నమైన రేవు మరొకటి లేదు. 1664లో శివాజీ దండెత్తి వచ్చినప్పుడు ఊరికి గట్టి ప్రాకారం లేదు. గవర్నరు ఇనాయత్ ఖాన్ కోటలో దాక్కున్నాడు, వర్తకుల ఇళ్లు దోపిడీ అయ్యాయి. 1670లో మళ్లీ అదే జరిగింది. ఆ దెబ్బల తర్వాతే ఇటుకల గోడ లేచింది. ఊరు దాన్ని కూడా దాటి పెరగడంతో బయట మరో గోడ కట్టారు. లోపలిది షహర్‌పనా, బయటిది ఆలంపనా. ఊరిని నడిపింది కొత్వాలు, ఖాజీ, వర్తకుల మహాజన్ సంఘాలు. వీధి ఊడ్చే బాధ్యత ఫలానా ఆఫీసుది అని ఎక్కడా రాసి లేదు.

1759లో కోట, 1800లో మొత్తం పాలన ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాయి. 1850లో తెచ్చిన ఒక చట్టం పట్నాలు తమంతట తాము పురపాలక సంఘం పెట్టుకోవచ్చంది. దాని కింద 1852లో సూరత్‌లో మునిసిపాలిటీ వచ్చింది. తెలుగునాట భీమునిపట్నం పురపాలిక 1861 నాటిది. రాజమహేంద్రవరం, మచిలీపట్నం, గుంటూరు 1866లో పురపాలికలయ్యాయి. ‘మా ఊరిది నూటయాభై ఏళ్ల మునిసిపాలిటీ’ అని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. తప్పులేదు. కాకపోతే దొరలు వాటిని ప్రేమతో పెట్టలేదు. 1857 తిరుగుబాటు తర్వాత ఖజానా ఖాళీ అయింది. రోడ్లు, దీపాలు, పోలీసుల ఖర్చు ఎక్కడికక్కడ ఊరి జనం నెత్తిన వేసే మార్గం కావాలి. పురపాలిక ఆ మార్గం. ఊరివాళ్లకు మాట చెప్పే హక్కు తర్వాతి సంగతి. 1882లో లార్డ్ రిపన్ తీర్మానం వచ్చాకే ఎన్నికైన సభ్యులు, ప్రజలకు రాజకీయ శిక్షణ అన్న మాటలు వినబడ్డాయి.

బొంబాయి రాష్ట్రంలో పురపాలికల రాబడికి ప్రాణం ఆక్ట్రాయి. ఊళ్లోకి వచ్చే సరుకు మీద పన్ను. పన్ను వేయాలంటే సరిహద్దు కావాలి, సరిహద్దు మీద నాకా, అంటే పన్ను వసూలు చేసే కాపలా చోటు, కావాలి. గోడలు కూలిపోయిన చోట నాకాలు లేచాయి. సూరత్ చుట్టూ గీత ఇలా స్థిరపడింది. లోపల పన్నూ సదుపాయమూ, బయట రెండూ లేని పొలం. తర్వాతి నూరేళ్లలో ఆ పొలాల్లో ఏం మొలిచిందో కాసేపట్లో చూద్దాం.

పురపాలిక వద్దన్న ఊరు

తెలుగువాళ్లకు ఈ గీత సంగతి గట్టిగా తెలిసింది చీరాలలో. చీరాల, పేరాల కలిసి యూనియన్‌గా, అంటే పురపాలిక కంటే చిన్న స్థానిక సంస్థగా, ఉండేవి. మద్రాసు ప్రభుత్వం 1919లో వాటిని మునిసిపాలిటీ చేసింది. నేత పని చేసుకునే జనమే ఎక్కువ. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి నాలుగు వేల రూపాయల దాకా ఉన్న పన్ను పురపాలిక అయితే పదిరెట్ల దాకా పెరుగుతుందని లెక్క. మాకు ఈ పట్నం హోదా వద్దు మొర్రో అని మహజర్లు పెట్టుకున్నారు. వినలేదు. ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం ఇచ్చి ఛైర్మన్‌ను నియమించింది. పన్ను కట్టని వాళ్లను జైలుకు పంపింది.

ఇక్కడ ఒక చేదు సంగతి ఉంది. మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలతో 1920 చివరికి మద్రాసులో స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రి చేతికి వచ్చింది. ఆ మంత్రి తెలుగువాడే, పానగల్లు రాజా రామరాయణింగారు. అయినా చీరాల మొర ఆలకించలేదు. అధికారం మనవాళ్ల చేతికి వచ్చినంత మాత్రాన గీత గీసే పద్ధతి మారదని తెలుగునేల చాలా తొందరగా నేర్చుకుంది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు ముగించుకుని ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన ముందు పెట్టిన దారులు రెండు. అహింసతో పన్ను నిరాకరించి వచ్చిన కష్టం భరించడం ఒకటి, ఊరు వదిలి పురపాలిక హద్దు అవతలికి పోవడం రెండోది. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండోదాన్ని ఎంచుకున్నారు. పదిహేను వేల చిల్లర జనాభాలో పదమూడు వేల మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి వెళ్లిపోయారు. హద్దు బయట తాటాకు పందిళ్లతో రామనగర్ వెలిసింది. రామదండు వాలంటీర్లు కాపలా కాశారు. ఎండలో, వానలో, చలిలో దాదాపు పదకొండు నెలలు అక్కడే. చివరికి దుగ్గిరాలను జైల్లో పెట్టారు, డబ్బు అయిపోయింది, జనం వెనక్కి వచ్చి పన్ను కట్టారు.

చీరాల కథను మనం త్యాగానికి పెద్ద ఉదాహరణగా చెప్పుకుంటాం. నాకు అందులో పరిపాలన పాఠం ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఆ జనం ఊరి నుంచి ఎక్కువ దూరం పోలేదు. గీత దాటారు, అంతే. ఇటువైపు నేరం అటువైపు కాదు. నేల ఒకటే, ఎండ ఒకటే. తేడా అంతా మద్రాసులో అచ్చయిన గెజిట్‌లో ఉంది.

బార్డోలీ నుంచి బరోడా హద్దుకు

కడోదరా నుంచి తూర్పుకు పోతే బార్డోలీ. 1922 ఫిబ్రవరిలో గాంధీజీ శాసనోల్లంఘనం మొదలుపెట్టాలనుకున్న తాలూకా అది. అప్పటికే మన గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్నుల నిరాకరణ నడుస్తోంది. చౌరీచౌరా ఘటన తర్వాత బార్డోలీలోనే కాంగ్రెస్ కార్యవర్గం కూర్చుని ఉద్యమాన్ని ఆపేసింది. రెండు చోట్లా రైతులు నిట్టూర్చారు.

అదే ఏడాది సూరత్ పురపాలికను ప్రభుత్వం పక్కన పెట్టింది. పురపాలిక బడులను జాతీయ విద్య బాట పట్టించి, సర్కారు అజమాయిషీని కాదన్నందుకు శిక్ష అది. అహ్మదాబాద్, నడియాద్‌లకూ అదే గతి పట్టింది. పన్ను వసూలుకు పెట్టిన సంస్థ సర్కారుకే ఎదురు తిరగడం దొరలు ఊహించని మలుపు. ఆ తరం నాయకులు చాలామంది పురపాలికల్లోనే పని నేర్చుకున్నారు. టంగుటూరి ప్రకాశం రాజమహేంద్రవరం మునిసిపల్ ఛైర్మన్‌గా, రాజాజీ సేలంలో, వల్లభభాయ్ పటేల్ అహ్మదాబాద్‌లో 1924 నుంచి 1928 దాకా. మురుగు కాలువల ఫైళ్లు చూసిన అనుభవమే 1928లో పటేల్‌కు అక్కరకు వచ్చిందంటే అతిశయోక్తి కాదు. బార్డోలీలో భూమి శిస్తు 22 శాతం పెంచితే ఆయన తాలూకాను ఛావణీలుగా (శిబిరాలుగా) విభజించి, ఒక్కో దానికి బాధ్యుణ్ని పెట్టి, రోజూ పత్రిక వేయించి, సర్కారుకు సమాంతరంగా ఒక పాలనే నడిపారు. ఆగస్టులో రాజీ కుదిరింది. తర్వాత విచారణ చేసిన బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ పెంపు ఆరు శాతం చిల్లర చాలన్నారు. ఆ సత్యాగ్రహం నడుస్తున్న రోజుల్లోనే, జూన్ 10న, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కన్నుమూశారు. ముప్పై తొమ్మిదేళ్ల వయసు.

ఈ ప్రాంతపు పటం చూస్తే తల తిరుగుతుంది. అప్పట్లో పల్సాణా, కామ్రేజ్, వ్యారా, సోన్‌గఢ్ బరోడా గైక్వాడ్ సంస్థానంలోవి. బార్డోలీ, చౌరాసీ బ్రిటిష్‌వి. అతుకుల బొంతలా కలగలిసిన ఈ హద్దుల్లో కొన్ని ఊళ్లు సర్కారువి, పక్క ఊళ్లు మహారాజువి. మహారాజు సయాజీరావు తన రాజ్యంలో నిర్బంధ ప్రాథమిక విద్యను 1893లో అమ్రేలీలో మొదలుపెట్టి 1906 నాటికి రాజ్యమంతటికీ విస్తరించారు. బ్రిటిష్ ఇండియాకు అది అందని పండు. అంటే పొలం గట్టుకు బరోడా వైపు పిల్లవాడు బడికి పోకపోతే తండ్రికి జరిమానా, బ్రిటిష్ వైపు అలాంటి నిబంధనే లేదు.

1930లో ఉప్పు సత్యాగ్రహం తర్వాత శిస్తు నిరాకరించిన బార్డోలీ రైతులు జప్తులు తట్టుకోలేక ఏం చేశారో తెలుసా? పంట, పశువులు, పిల్లాజెల్లాతో బరోడా హద్దులోకి వెళ్లి పాకలు వేసుకున్నారు. హిజ్రత్, అంటే వలస, అన్నారు దాన్ని. చీరాల రామనగర్‌కు తొమ్మిదేళ్ల తర్వాత, వెయ్యి కిలోమీటర్ల అవతల, అదే ఎత్తు. కడోదరా, పల్సాణా చుట్టుపక్కల నేలకు గీత దాటి వచ్చిన వాళ్లకు చోటివ్వడం కొత్త కాదు.

నాకా బయట మిల్లులు

స్వాతంత్ర్యం వచ్చింది, 1960 మే 1న గుజరాత్ విడిపోయింది. 1966లో సూరత్ కార్పొరేషన్ అయింది. జిల్లా కూడా ముక్కలవుతూ వచ్చింది. 1964లో వల్సాడ్ వేరైంది, 2007 అక్టోబరు 2న వ్యారా కేంద్రంగా తాపీ జిల్లా ఏర్పడింది. పంచాయతీల విషయంలో గుజరాత్ మొదటి నుంచీ గట్టిదే. మూడంచెల పంచాయతీ రాజ్‌ను 1957లో సిఫారసు చేసిన బల్వంతరాయ్ మెహతా తర్వాత ఆ రాష్ట్రానికే ముఖ్యమంత్రి అయ్యారు. ఆ మూడంచెల పద్ధతిని 1959లో రాజస్థాన్ తర్వాత అందుకున్న రెండో రాష్ట్రం మన ఆంధ్రప్రదేశ్. మనం 1980లలో తాలూకాలు, సమితులు తీసేసి మండలాలు చేసుకున్నాం. గుజరాత్ తాలూకా పంచాయతీనే ఉంచుకుంది. అందుకే కడోదరా మనిషి నోట ఇప్పటికీ మామలత్‌దార్, తాలూకా అన్న మాటలే వినిపిస్తాయి.

సూరత్ జనాభా 1961లో మూడు లక్షలు కూడా లేదు. 2011 నాటికి 44 లక్షలు దాటింది. వజ్రాలు సానబట్టడం, సింథటిక్ గుడ్డ, ఈ రెండూ ఊరిని ఉబ్బించాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలీలు సాంచాలు (మరమగ్గాలు) నడపడానికి వచ్చారు. లింబాయత్, ఉధనా, గోడాదరా ప్రాంతాల్లో తెలుగు బోర్డులు, దసరా ముందు బతుకమ్మలు వాళ్ల వల్ల వచ్చినవే. ఒడిశా గంజాం నుంచి, ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి ఇంకా ఎక్కువమంది వచ్చారు.

ఈ పరిశ్రమ అంతా కార్పొరేషన్ గీత లోపలే ఉండాలని ఎవరూ కోరుకోలేదు. బయట భూమి చౌక. ఆక్ట్రాయి నాకా దాటితే పన్ను బెడద లేదు. పంచాయతీకి అనుమతుల పట్టింపు తక్కువ. సూరత్ కార్పొరేషన్ ఆక్ట్రాయి 2007 నవంబరు దాకా నడిచింది. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. సచిన్, పల్సాణా, కడోదరా, చల్థాన్, జోళ్వా వైపు మిల్లులు, లూమ్ షెడ్లు పరుచుకున్నాయి. చెరకు తోటల మధ్య చల్థాన్ సహకార చక్కెర ఫ్యాక్టరీ ఒక పక్క, పాలిస్టర్ మిల్లులు మరో పక్క. చీరాలలో పన్ను కట్టలేని నేతగాళ్లు గీత దాటారు. సూరత్‌లో పన్ను కట్టగలిగిన పెట్టుబడి గీత దాటింది. దాని వెంట కట్టలేని కూలీలూ వచ్చి చేరారు.

గీత వాళ్ల వెనకే పరుగు తీసింది. 1978లో సూరత్ పట్టణాభివృద్ధి సంస్థ ‘సుడా’ ఏర్పడింది. పటాలు గీయడం దాని పని, చెత్త ఎత్తడం కాదు. 2006లో కార్పొరేషన్ విస్తీర్ణం 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు, 2020లో 462కు పెరిగింది. రెండోసారి సచిన్, కనక్‌పుర్–కన్సాడ్ పురపాలికలూ అందులో కలిసిపోయాయి. కడోదరా మాత్రం విడి పురపాలికగానే మిగిలింది.

తెలుగు కమిషనరు పాఠం

సూరత్ పాలన గురించి రాస్తూ 1994ను దాటవేయలేం. ఆ సెప్టెంబరులో ప్లేగు వచ్చిందన్న వార్తతో లక్షలమంది రైళ్లూ లారీలూ పట్టుకుని పారిపోయారు. ప్రపంచమంతా భారత విమానాల వైపు అనుమానంగా చూసింది. వరద నీళ్లు, ఎత్తని చెత్త, మూసుకుపోయిన కాలువలు కలిసి తెచ్చిన విపత్తు అది. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చింది సూర్యదేవర రామచంద్రరావు. గుజరాత్ క్యాడర్ ఐఏఎస్. ఇంటిపేరు వింటే తెలుగువాడికి వేరే పరిచయం అక్కర్లేదు.

ఆయన కొత్త చట్టాలేమీ తేలేదు. నగరాన్ని ఆరు జోన్లు చేసి, ఒక్కో దానికి ఒక కమిషనర్ స్థాయి అధికారిని పెట్టి, ఖర్చు చేసే అధికారం కూడా కిందికి ఇచ్చారు. పొద్దున్నే అధికారులంతా వీధుల్లో ఉండాలి. ‘ఏసీ నుంచి డీసీకి’ అన్నది అప్పటి నినాదం. ఏసీ గది వదిలి రోజువారీ పనుల్లోకి రమ్మని. అక్రమ కట్టడాల కూల్చివేత పేదల గుడిసెలతో కాక, పలుకుబడి ఉన్నవాళ్ల భవనాలతో మొదలైంది. రెండేళ్లు తిరగకుండానే సూరత్ దేశంలో చండీగఢ్ తర్వాత శుభ్రమైన నగరంగా పేరు తెచ్చుకుంది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ఒక అధికారి సాహసగాథగా చెబుతారు. నిజమే, సాహసం ఉంది. కానీ ఆయన చేతిలో కార్పొరేషన్ ఉంది, ఆక్ట్రాయి డబ్బు ఉంది, ఇంజనీర్లు ఉన్నారు. అదే అధికారిని ఆనాటి కడోదరా పంచాయతీ ఆఫీసులో కూర్చోబెడితే ఏం చేయగలిగేవాడు? ఇంటి పన్ను వసూలు చేసుకునే సర్పంచ్ కింద జోన్లు ఎక్కడివి, డ్రైనేజీ విభాగం ఎక్కడిది? మంచి పాలన మంచి మనిషి కోసం ఎదురు చూస్తుందనే మాట సగమే నిజం. అతను నిలబడే సంస్థ ముందు ఉండాలి.

లింబాయత్ తెలుగు కుటుంబాన్నే తీసుకోండి. గీత లోపల ఉంది కాబట్టి సూరత్ కార్పొరేషన్ నడిపే తెలుగు మాధ్యమం బడి దక్కింది. గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ ఆ కార్పొరేషన్ ప్రాథమిక బడులు నడుపుతోంది. గ్రామ పంచాయతీకి అలాంటి బడి పెట్టే అధికారం లేదు, ప్రాథమిక విద్య జిల్లా పంచాయతీది. కూలి అదే, గుడ్డ అదే. పిల్లల చదువు మాత్రం గది అద్దెకు తీసుకున్న వీధిని బట్టి ఉంటుంది.

వరేలీలో ఒక మధ్యాహ్నం

2020 మే 4. లాక్‌డౌన్ నడుస్తోంది. కడోదరా పక్కనే ఉన్న వరేలీలో వందల మంది వలస కార్మికులు మమ్మల్ని ఊళ్లకు పంపమని రోడ్డెక్కారు. రాళ్లు పడ్డాయి, బాష్పవాయువు గోళాలు పేలాయి. టీవీల్లో ‘సూరత్‌లో ఘర్షణ’ అని వచ్చింది. నిజానికి అది సూరత్ కాదు. కార్పొరేషన్ హద్దుకు అవతల, పల్సాణా తాలూకాలోని పల్లె. అంతమంది గదుల్లో కిక్కిరిసి ఉండే చోటు, సర్కారు లెక్కలో ఒక సర్పంచ్ ఊరు. తిండి పొట్లం ఎవరివ్వాలి, పేర్లు ఎవరు రాసుకోవాలి, రైలుకు ఎవరు పంపాలి? యజమాని లేడు, కార్పొరేషన్ ‘మాది కాదు’ అంటుంది, పంచాయతీ చేతిలో ఏమీ లేదు.

రెండేళ్లు తిరగకముందే, 2022 జనవరిలో, సచిన్ పారిశ్రామికవాడలో ట్యాంకర్ నుంచి రసాయన వ్యర్థం కాలువలోకి వదులుతుండగా విషవాయువు లేచి పక్క మిల్లులో పనిచేసే ఆరుగురు చనిపోయారు. ఆ కాలువకు జవాబుదారీ ఎవరు? 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చి పురపాలికలకు ఎన్నికలు, అయిదేళ్ల పదవీకాలం, పద్దెనిమిది అంశాల పన్నెండో షెడ్యూలు ఇచ్చిందని మనం చెప్పుకుంటాం. అదే సవరణలో 243క్యూ అధికరణం కింద ఒక మినహాయింపు ఉంది. పరిశ్రమ తానే సేవలు అందించే చోట పారిశ్రామిక టౌన్‌షిప్ అని ప్రకటించి పురపాలికే పెట్టకుండా ఉండవచ్చు. గుజరాత్‌లో పారిశ్రామికాభివృద్ధి సంస్థ (జీఐడీసీ) పారిశ్రామికవాడలు చాలావరకు ‘నోటిఫైడ్ ఏరియా’లు. అక్కడ ఎన్నికైన కౌన్సిలర్ ఉండడు. ఫ్యాక్టరీ ఒక పాలనలో, కూలీ గది మరో పాలనలో, రెంటి మధ్యా కాలువ ఎవరిదో ఎవరికీ తెలియదు.

సరే, కడోదరాకు నగర్‌పాలికా వచ్చింది కదా. ప్రముఖ్ (అధ్యక్షుడు) ఉంటాడు, చీఫ్ ఆఫీసర్ ఉంటాడు. గుజరాత్‌లో వార్డుకు నలుగురు సభ్యులు, ఓటరు నాలుగు ఓట్లు వేయవచ్చు. సీట్లలో సగం మహిళలవి. స్థానిక ఎన్నికల్లో ఓటు వేయడం తప్పనిసరి అంటూ ఆ రాష్ట్ర శాసనసభ 2009లో బిల్లు కూడా ఆమోదించింది, అది చట్టమయ్యాక 2015లో హైకోర్టు ఆపింది. చట్టం నిలబడి ఉంటే తమాషాగా ఉండేది. జనం సంగతి వదిలి ఓటర్లను మాత్రమే బలవంతం చేసే చట్టం అది. కడోదరా గదుల్లో పడుకునే వాళ్లలో చాలామంది ఓటు గంజాంలోనో, గోరఖ్‌పూర్‌లోనో ఉంటుంది. ఓటు లేని వాడి కుళాయి గురించి కౌన్సిలర్‌కు తొందరేముంటుంది?

ఇది కూలీల అలసత్వం అని కొట్టిపారేయడం సులువు. అద్దె రసీదు ఇవ్వని గది యజమాని, పనిచేసే చోటు రాసివ్వని షెడ్డు యజమాని ఉన్నప్పుడు చిరునామా రుజువు ఎక్కడి నుంచి వస్తుంది? పల్లెలో భూమి, రేషన్, పెళ్లి పిలుపులు అన్నీ అక్కడి ఓటుతో ముడిపడి ఉంటాయి. ఆ ముడి తెంచుకోమని ఎవరం చెప్పగలం? సోలాపూర్ తెలుగువాళ్లు రెండు మూడు తరాలు ఒకే ఊళ్లో పాతుకుపోయారు కాబట్టి అక్కడ కార్పొరేషన్ రాజకీయాల్లో నిలబడ్డారు, ధర్మణ్ణ సాదుల్ లాంటి వాళ్లు పార్లమెంటు దాకా వెళ్లారు. కడోదరాలో అంత కాలం ఎవరూ ఉండలేదు, ఉండనివ్వలేదు కూడా.

మన దగ్గర

ఇదంతా గుజరాత్ సంగతి అని పేజీ తిప్పేయకండి. 2018లో తెలంగాణ ఒక్కసారిగా ఆరు పదులకు పైగా కొత్త మునిసిపాలిటీలు చేసింది, 2019లో వాటికి కొత్త చట్టం తెచ్చింది. అటు ఆంధ్రలో 2021లో మంగళగిరి, తాడేపల్లి కలిపి కార్పొరేషన్ అయ్యాయి. విలీనం అనగానే ప్రతి ఊళ్లోనూ చీరాల ప్రశ్నే లేస్తుంది. ఇంటి పన్ను పెరుగుతుంది, గ్రామీణ ఉపాధి పని పోతుంది, మా సర్పంచ్ పోతాడు, బదులుగా ఏమొస్తుంది? న్యాయమైన ప్రశ్నే. పన్ను మొదటి ఏడాదే వస్తుంది, భూగర్భ డ్రైనేజీ పదేళ్లకు వస్తే గొప్ప. చీరాల జనాన్ని దొరలు అర్థం చేసుకోలేదని మనం తిట్టుకుంటాం. వందేళ్ల తర్వాత మన ప్రభుత్వాలు కూడా ముందు గెజిట్, తర్వాత సంజాయిషీ అన్న పద్ధతిలోనే ఉన్నాయి.

పటాన్‌చెరు, జీడిమెట్ల, గాజువాక శివార్లలో ఒడిశా, బిహార్ కుర్రాళ్ల గదులు చూడండి. అక్కడ మనమే సూరత్ వాళ్లం. మన కౌన్సిలర్లకు ఆ గదులు ఎంత కనిపిస్తున్నాయో, కడోదరాలో మన నేతగాళ్లూ అంతే కనిపిస్తారు.

2011 తర్వాత దేశంలో జనగణన జరగలేదు. గుజరాత్‌లో పురపాలిక ఏ తరగతికి చెందుతుందో జనాభాను బట్టే ఉంటుంది. ఆర్థిక సంఘం గ్రాంట్లలోనూ జనాభాదే పెద్ద వాటా. అవన్నీ ఇన్నాళ్లూ పాత అంకెల మీదే నడిచాయి. ఈలోగా ఎన్ని మిల్లులు లేచాయో, ఎన్ని వేల గదులు కట్టారో ఆ అంకెలకు తెలియదు. 2027 జనగణన కోసం పాలనా హద్దులను 2025 డిసెంబరు 31 నాటికి స్తంభింపజేయమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. జనగణనలో సొంతూరు ముఖ్యం కాదు, మామూలుగా ఎక్కడ ఉంటున్నామన్నదే ముఖ్యం. రేషన్ కార్డు, ఓటు ఎక్కడున్నా దానితో పని లేదు, చిరునామా రుజువూ అడగరు. సూరత్, భివండీ, కడోదరా గదుల్లో ఉంటున్న తెలుగువాళ్లూ, వాళ్లకు ఫోన్ చేసే ఇంటివాళ్లూ ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. లెక్కలవాళ్లు తలుపు తట్టినప్పుడు మీ పేరు సిరిసిల్లలో కాదు, మీరు ఉంటున్న గదిలోనే రాయించండి.